పన్నెండు ఇస్తే ఇంటికి, లేకుంటే బేరానికి

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు బయలుదేరేటప్పుడు మా సంచిలో రెండు జతల బట్టలతో పాటు బండి కాగితాలన్నీ ఉన్నాయి. తిరిగి వచ్చేది మా బండిలోనా, ఆర్టీసీ బస్సులోనా అన్నది అప్పటికి తేలలేదు. తేల్చుకోవడానికే ఆ ప్రయాణం.

ముందు బండి సంగతి చెప్పాలి. కొండలూ గుట్టలూ ఎక్కే రకం, నాలుగు పలకల డీజిల్ బండి. మా గల్లీలో దాన్ని డబ్బా బండి అంటారు, నాకు కోపం రాదు. నాకు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. చాలా ఏళ్లు ఆశపడి, మూడేళ్ల కింద కొన్నాను. అది తాగే డీజిల్ చూశాక దాన్ని ఇంటి ముందు నిలబెట్టి, రోజూ తుడిచి, స్కూటర్ మీద దుకాణానికి పోవడం మొదలుపెట్టాను. దుకాణంలో గల్లా దగ్గర కూర్చునే నా భార్య రజిత మూడేళ్లు చూసి చూసి ఒకరోజు అన్నం పెడుతూ తేల్చేసింది.

"డీజిల్ తాగుతదని బండి దీయవు. బండి ఉన్నదని బస్సెక్కనియ్యవు. మూడేండ్ల సంది మనం ఎటు పోయినమో జర చెప్పు."

"సరిగ్గ నడిపితే లీటరుకు పన్నెండు ఇస్తది" అని మాత్రం అన్నాను. అప్పటిదాకా అది తొమ్మిది దాటిన పాపాన పోలేదు. అయినా ఆ మాట మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. రజిత అక్కడే షరతు పెట్టింది. ఆదిలాబాద్ దాకా పోదాం, పన్నెండు ఇస్తే బండి ఉంటుంది, ఇవ్వకపోతే అక్కడే ఖలీల్ భాయ్‌కి ఇచ్చేసి బస్సెక్కుదాం. ఖలీల్ భాయ్ ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం చేస్తాడు, మా దుకాణానికి పాత గిరాకీ. బండి కొన్న రోజు నుంచీ దాని మీద మనసు పడ్డాడు. ఎంత తాగినా తనకు ఫికర్ లేదని ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు.

బయలుదేరే ముందు రోజు దుకాణం మూసి బండిని తేలిక చేశాను. మీలో ఎవరికైనా ఇలాంటి బండి ఉంటే ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. ముందుగా పైకప్పు మీది ఇనుప క్యారియర్ విప్పాను. దాని మీద నాలుగు లైట్లు, ఒక నీళ్ల డబ్బా, ఒక పార ఉండేవి. ఆ పార ఇంతవరకు మట్టి ముట్టలేదు. అసలే గోడలాంటి ముఖమున్న బండి, దాని నెత్తిన ఇంకో గోడ పెట్టుకుని గాలిని నెట్టడం ఎందుకు? తర్వాత వెనక సీటు కింద ఉన్న గొలుసులు, తాళ్లు, రెండో జాకీ దింపాను. ఇక టైర్లలో గాలి. ఇసుకలో నడిపేవాళ్లు గాలి తగ్గిస్తారని ఫోన్లో చూసి నేనూ తగ్గించి ఉంచాను. మా ఊరి నడిబొడ్డున టవర్ సర్కిల్ దగ్గర ఇసుక ఎక్కడిదని నన్ను అడిగినవాళ్లు లేరు. తలుపు పక్కన కంపెనీ అంటించిన కాగితం చూసి, అందులో రాసినంత గాలి కొట్టించాను. టైర్లను మాత్రం మార్చలేదు. బండి కొన్న నెలకే కంపెనీ టైర్లు తీయించి పెద్దవి వేయించాను. బండికి ఆ ఎత్తు, ఆ ఠీవి వాటితోనే వచ్చాయి.

తెల్లవారి ఆరు కొట్టేసరికి బైపాస్ రోడ్డు పంపులో ఉన్నాం. ట్యాంకు నిండి పైపు టక్కుమని ఆగగానే పంపు మనిషి అలవాటు ప్రకారం బండిని రెండు చేతులా పట్టుకుని ఊపబోయాడు. ఊపితే లోపలి గాలి పోయి ఇంకో లీటరు పడుతుందని మా వైపు అందరి నమ్మకం.

"ఊపకన్నా" అంది రజిత కిటికీలోంచి. "టక్కుమన్నంక సుక్క గూడ వద్దు. ఆదిలాబాద్ల గూడ గిట్లనే పోయిస్త. అక్కడోలెక్క ఇక్కడోలెక్క ఉండద్దు."

జడ్జీ తనే కాబట్టి సరేనని బండిలో కిలోమీటర్ల మీటరు సున్నా చేశాను. రజిత ఒళ్లో స్టీలు డబ్బా ఉంది. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి తెచ్చింది. పొద్దున తోడు వేస్తే దారిలో మధ్యాహ్నానికి పెరుగన్నం తయారవుతుంది, ప్రయాణాలకు మా ఇళ్లలో ఇదే పద్ధతి. కుదిపితే తోడుకోదు. "నీ నడుపుడు గిదే చెప్తది" అని డబ్బా మీద అరచెయ్యి పెట్టింది.

జగిత్యాల రోడ్డు ఎక్కాం. ఇలాంటి పలకల బండి డెబ్బై దాటిందంటే గాలితో కుస్తీ మొదలవుతుంది, ఎనభై దాటితే డీజిల్‌ను గాలికి పోసినట్టే. నేను ముల్లును డెబ్బై దగ్గర పట్టి ఉంచాను. చెప్పడం తేలికే. గంగాధర రాకముందే చిన్న కార్లు, వ్యాన్లు, కాలేజీ బస్సు, చివరికి కోళ్ల బుట్టలేసుకున్న ట్రాలీ ఆటో నన్ను దాటిపోయాయి. ఆటో అతను దాటుతూ నా బండిని పైనుంచి కిందిదాకా చూశాడు. నా పాదం దానంతట అదే కిందికి పోబోయింది. రజిత డబ్బా వైపు చూసింది, నేను పాదం వెనక్కి తీసుకున్నాను.

జగిత్యాలలో ఇడ్లీ తిని, చాయ్ తాగి, కోరుట్ల మీదుగా మెట్‌పల్లి చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడ బస్టాండు బయట ఒక ముసలాయన మక్కకంకుల సంచి పక్కన పెట్టుకుని చెయ్యెత్తాడు. ఆర్మూర్‌లో బిడ్డ ఇంటికి పోవాలట, బస్సు పోయిందట. నేను ఆయన్నీ సంచినీ కలిపి మనసులో తూచుతుండగానే రజిత వెనక తలుపు తీసింది.

"బరువైతది" అన్నాను గొణుగుతూ.

"మనుషులను ఎక్కించుకోని బండి నాకెందుకు" అంది.

ముసలాయన పది నిమిషాలు మమ్మల్ని దాటిపోయే బండ్లను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ముందుకు వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "బిడ్డా, పెండ్లికి పోతున్నరా, దినాలకు పోతున్నరా? బండి సూస్తె ఏనుగోలె ఉన్నది, నడక సూస్తె ఈనబోయే బర్రె లెక్కున్నది."

రజిత నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె అంత నవ్వగా చూసి చాలా రోజులైంది, నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆర్మూర్‌లో దిగుతూ ఆయన నాలుగు కంకులు సీటు మీద పెట్టి, "మెల్లగైతేంది, పానం నిమ్మలంగున్నది" అన్నాడు.

ఆర్మూర్ నుంచి నాగపూర్ పోయే పెద్ద రోడ్డు. దారి సాఫీగా ఉంటే నా పని ఇంకా తేలిక. దూరంలో లారీ కనిపించగానే పాదం ఎత్తేయడం, దగ్గరికి పోయి బ్రేకు తొక్కకపోవడం, టోల్ గేటుకు అర కిలోమీటరు ముందు నుంచే బండిని దాని దారిన రానివ్వడం. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చిన డీజిల్‌ను నేల పాలు చేసినట్టే. నాకు ఇందులో రుచి పుట్టింది. రజిత మాత్రం రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ల వైపు, తర్వాత మీటరు వైపు, మళ్లీ రాళ్ల వైపు చూస్తోంది.

"ఏం సూస్తున్నవ్?" అని అడిగాను.

"ఏం లేదు, నువ్వు నడుపు" అంది.

సోన్ దగ్గర గోదావరి వంతెన దాటి, చెట్టు నీడన ఆపాం. రజిత డబ్బా మూత తీసింది. పెరుగు గడ్డలా తోడుకుని, పైన మీగడ చెక్కు చెదరకుండా ఉంది. నిమ్మకాయ తొక్కుతో తిన్నాం. "పర్వాలేదు" అని ఒక్క మాటే అంది. ఆమె నోట ఆ మాట వచ్చిందంటే నాకు సన్మానం జరిగినట్టే.

నిర్మల్ దాటాక ఘాట్ మొదలవుతుంది. వాన పడి అడవంతా పచ్చగా ఉంది. ఎక్కుడులో గేరు తగ్గించి, ఇంజను రొప్పకుండా ఎక్కించాను. దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని మా పక్కింటి ఆయన సలహా ఇచ్చాడు. ఆ పని ఎవరూ చేయకండి. గేరులోనే ఉంచి పాదం తీసేస్తే ఇంజను ఒక్క చుక్క అడగదు, పైగా బండి చేతిలో ఉంటుంది. నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ దాటి మూడున్నరకు ఆదిలాబాద్‌లో పంపు ముందు ఆగాం. మా కబురు అందుకున్న ఖలీల్ భాయ్ అప్పటికే అక్కడున్నాడు. తెల్ల లాల్చీ, చంకలో డబ్బుల బ్యాగు, ముఖంలో దాచుకోని సంతోషం.

"సలాం అన్నా, సలాం భాభీ. బస్ టికెట్లు నేనే తీస్తా, మీరు పరేషాన్ కావొద్దు" అన్నాడు.

రజిత దిగి పైపు పక్కనే నిలబడింది. టక్కుమనగానే చెయ్యెత్తింది. మీటరులో కిలోమీటర్లు చూసి, అప్పుడు పట్టిన లీటర్లతో భాగించి, ఫోన్ నాకు చూపించింది. పదకొండు చిల్లర. మళ్లీ నేనే చేసి చూశాను, అంతే వచ్చింది. చిల్లర కూడా పెద్ద చిల్లర కాదు.

కోళ్ల ఆటోను దాటనిచ్చాను, ముసలాయన మాట పడ్డాను, అయినా ఓడిపోయాను. బండి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. ఖలీల్ భాయ్ మంచివాడు, వెంటనే బ్యాగు తెరవలేదు. నేనే సంచిలోంచి కాగితాలు తీశాను.

"ఆగు" అంది రజిత. "గా మీటరు అబద్ధం చెప్తున్నది."

ఇద్దరం ఆమె వైపు చూశాం.

"ఆర్మూర్ సంది రాళ్లు సూసుకుంట వచ్చిన. రాయి మీద పది కిలోమీటర్లు అయితె మీటరుల తొమ్మిదింటి మీద జరంతనే తిరుగుతున్నది. ఒక్కపారి గాదు, నిర్మల్ దాక గట్లనే, నిర్మల్ దాటినంక గూడ గట్లనే."

నాకు అప్పుడు వెలిగింది. మూడేళ్లు గొప్పగా చూసుకున్న పెద్ద టైర్లే! మీటరు లెక్కపెట్టేది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే. కంపెనీ టైరు ఒక చుట్టులో ఎంత దూరం పోతుందో దానికి అదే తెలుసు. పెద్ద టైరు అదే చుట్టులో ఇంకాస్త ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. అంటే మేము వచ్చిన దూరం మీటరు చూపించినదానికంటే ఎక్కువ. రజిత ఫోన్లో దారి తీసి కరీంనగర్ నుంచి ఆ పంపు దాకా ఎంతో చూసింది. మళ్లీ భాగించింది. పన్నెండు, దాని మీద కొంచెం.

ఖలీల్ భాయ్ ఆ అంకెను చాలాసేపు చూశాడు. "భాభీ, మీరు చుప్ ఉంటే బండి నాదైతుండె కదా" అన్నాడు. కోపం లేదు, నిజంగా అర్థం కాక అడిగాడు.

"బండి అమ్మాల్ననే వచ్చిన భాయ్" అంది రజిత. "గని తప్పుడు లెక్క మీద అమ్మ. రేపు ఇంట్ల ఈయన మొకం సూడాలె కద."

ఆ సాయంత్రం ఖలీల్ భాయ్ ఇంట్లో జొన్న రొట్టెలు, వంకాయ కూర పెట్టారు. బండి చేజారిన బాధ ఆయన పెట్టిన తిండిలో కనిపించలేదు. బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాం. గది శుభ్రంగా ఉంది, బండి నిలపడానికి లోపల చోటు కూడా ఉంది.

మర్నాడు తిరుగు దారిలో నేను గెలిచిన ఉషారులో ఉన్నాను. కంపెనీ టైర్లు మళ్లీ వేయిస్తే పదమూడు కూడా ఇస్తుందని, అటకెక్కిన క్యారియర్ అక్కడే ఉంటుందని, ఉపన్యాసం ఇస్తూ నడుపుతున్నాను. నేరడిగొండ ముందు రజిత, "కుడికి తిప్పు" అంది.

కుడికి పోతే బోథ్. అక్కడికి కొంత దూరంలో చేనులోనే ఇల్లు కట్టుకుని ఉంటుంది ఆమె అక్క సువర్ణ. చివరి దారంతా నల్లరేగడి, వానాకాలంలో ఆటోలు కూడా పోవు. డీజిల్ అనడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. ఆ మాట నిన్ననే చెల్లిపోయింది.

బురద మొదలైన చోట ఆపి, పొట్టి గేరు కర్రను మొదటిసారి గట్టిగా వెనక్కి లాగాను. నాలుగు చక్రాలూ పట్టాయి. బండి మూలుగుతూ, నల్లమట్టిని రెండు వైపులా చిమ్ముతూ, పత్తి చేల మధ్య నుంచి పోయింది. మూడేళ్లు తుడిచిన అద్దాల మీద మట్టి పడుతుంటే నాకు పట్టరాని సంతోషం వేసింది. చేను గట్టున సువర్ణ కలుపు తీస్తున్నదల్లా లేచి, చేతులు కడుక్కోకుండానే ఎదురొచ్చింది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ బురదలోనే నిలబడి ఏడ్చారు. తర్వాత అదే బురదలో నిలబడి, మూడేళ్లు ఇటు తీసుకురానందుకు నన్ను తిట్టారు. తిన్నాను, ఆ తిట్లూ తిన్నాను, సువర్ణ పెట్టిన గారెలూ తిన్నాను.

మీకూ ఇలాంటి బండి ఉంటే ఈ దారిన పొండి. టైర్ల గాలి చూసుకుని, నెత్తి మీది బరువు దింపి, డెబ్బైలో పోతే బండి మీ పరువు తీయదు. రోడ్డు బాగుంది, నిర్మల్ ఘాట్ వానల్లో చూడాల్సిందే. సోన్ వంతెన దగ్గర నీడ ఉంది, పెరుగన్నం మీరే తెచ్చుకోండి.

పొద్దుగూకే వేళకు కరీంనగర్ చేరి, బురద కారుతున్న బండిలో డీజిల్ పోయించాను. బురదలో అంత మూలిగింది కదా, ఈసారి ఎంత తాగిందోనని నాకు గుబులుగా ఉంది. ఫోన్ తీసి, "లెక్క కట్టనా?" అని రజితను అడిగాను.

ఆమె సీటు వెనక్కి వాల్చుకుని, కళ్లు మూసుకుని ఉంది. "ఎందుకు?" అంది. "ఎవలకన్న అమ్ముతున్నమా?"