శ్రీశైలం కునుకు గది

మా బావమరిది శ్రీశైలం మొన్న ఒక మధ్యాహ్నం తన ఆఫీసు సెల్లార్లో కునుకు తీస్తూ తీస్తూనే కన్నుమూశాడు. కబురు చెప్పిన డ్రైవర్ మల్లేశ్‌ని నేను ఫోన్‌లోనే కసురుకున్నాను. "నిద్రలో ఉన్నాడేమో, సరిగ్గా లేపండయ్యా" అన్నాను. "లేపినం సార్. లేస్తలేడు" అన్నాడు.

హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీకి శ్రీశైలం ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్. ఉద్యోగులను మణికొండ నుంచి, చందానగర్ నుంచి తెచ్చి దింపే డ్రైవర్లంతా అతని కింద పనిచేసేవారు. వాళ్లలో ఒకడు రాత్రి షిఫ్టులో తూగి బండిని డివైడర్ ఎక్కించాడు. ప్రాణాలు పోలేదు కానీ శ్రీశైలం మాత్రం ఒకటే పట్టు పట్టాడు. డ్రైవర్లకు మధ్యాహ్నం కునుకు తీసే చోటు కావాలన్నాడు. తిరగ్గా తిరగ్గా జనరేటర్ పక్కన పాత సామాను గది ఇచ్చారు. అందులో చాపలు, దిండ్లు, ఒక ఫ్యాను పెట్టించాడు. తలుపు బయట చెప్పులుంటే లోపల మనిషి నిద్రలో ఉన్నట్టు. కంపెనీ పెద్దసారు వచ్చినా తలుపు కొట్టకూడదు. అది అతని చట్టం.

కునుకు మీద అతని పాఠాలు వినీ వినీ నాకు విసుగెత్తేది. నేను పత్రికలో పనిచేసినన్నాళ్లూ మధ్యాహ్నాలను సిగరెట్లతో నెట్టుకొచ్చినవాణ్ని. నన్ను ఛాయ్ తాగి పడుకోమనేవాడు.

"ఛాయ్ తాగితే నిద్ర ఎట్లా వస్తుందయ్యా?"

"ఛాయ్ ఎక్కనీకి జర టైం పడ్తది బావా. గంతల కునుకైపోవాలె. ఇంక ఎక్కువ పండుకుంటివో, మబ్బుమబ్బుగ లేస్తవు, మా అక్క మీద ఎగుర్తవు."

పొద్దు వాలాక పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుందనేవాడు. ఫోను చేతికందనంత దూరంలో పెట్టాలి, అలారం మాత్రం తప్పనిసరి. లేచాక మొహం కడుక్కుని, నాలుగడుగులు నడిచాకే బండి తాళం ముట్టాలి. పోరు పడలేక ఒకసారి అలాగే చేశాను. సాయంత్రం తల తేలిగ్గా ఉంది, రాస్తుంటే మాట కోసం తడుముకోలేదు. ఆ సంగతి అతనికి చెబితే ఇంకో పాఠం.

ఊరందరికీ అలారం పెట్టించినవాడు తాను మాత్రం పెట్టుకోడు. "నా ఒంట్లనే గడియారం ఉంది బావా" అనేవాడు. ఛాతీలో మంటగా ఉందంటే మా ఆవిడ దవాఖానకు పొమ్మని మొత్తుకుంది. "గ్యాసక్కా, ఫికర్ చెయ్యకు. జర కునుకు తీస్తె పోతది" అన్నాడు. కునుకు దేనికి పనికొస్తుందో అంత తెలిసినవాడికి, దేనికి పనికిరాదో తెలియకపోయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఆ రోజు డ్రైవర్లు ఒక్కొక్కరే అతన్ని వెతుక్కుంటూ గది దాకా వచ్చారు, బయట అతని చెప్పులు చూశారు, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయారు. "సార్ చెప్పులు బయటనే ఉండె. ఎట్ల లేపాలె సార్?" అని దినాల నాడు మల్లేశ్ నన్నే అడిగాడు.

పగటి నిద్రే ప్రాణం తీసిందని అదే పందిట్లో చుట్టాలు తేల్చేశారు. గుండె జబ్బు ముదిరిందని, మెలకువగా ఉన్నా గుండె ఆగేదేనని డాక్టర్ చెప్పిన మాట ఒక్కరికీ ఎక్కలేదు. కంపెనీదీ అదే పాట. గదికి తాళం వేసింది. ఉండబట్టలేక వెళ్లి అడిగాను.

"అక్కడ ఒకరు చనిపోయారు కదండీ, సెన్సిటివ్ ఇష్యూ. రివ్యూలో ఉందండి" అంది అక్కడి అధికారిణి, మర్యాదగానే.

"మంచం మీద పోయేవాళ్లే ఎక్కువమ్మా. మంచాలు మానేస్తామా?"

ఆమె నవ్వి నాకు కాఫీ తెప్పించింది.

నిద్రమత్తులో ఉన్నవాడి చేతికి బండి తాళం ఇవ్వని మనిషి పోయాడు. అతని కుర్చీలోకి ఇంకొకరు వచ్చారు. అతనిలా డ్రైవర్ల కళ్లలోకి చూసి తాళం ఇచ్చేవారు మాత్రం రాలేదు. తిరిగి వస్తుంటే సెల్లార్లో డ్రైవర్లు కారు తలుపులు తెరుచుకుని, కాళ్లు బయటపెట్టి, దోమలు తోలుకుంటూ కనిపించారు. మల్లేశ్ స్టీరింగ్ మీద తల ఆనించి ఉన్నాడు. అతనికి ఆ రాత్రి షిఫ్టు ఉంది. గది తాళం తీస్తారో లేదో, ఇది రాసే వేళకు కూడా ఎవరూ చెప్పలేదు.