నడుమ నిలిచిన బావ

మొన్న శుక్రవారం, జుమా నమాజు ముగిసి వీధిలో కార్లు కదులుతున్న వేళ, సౌదీలో అల్ ఖర్జ్‌లోని నా గది తలుపు ఎవరో తట్టారు. తీసి చూస్తే మా బావ. మీసం పూర్తిగా తెల్లబడింది, భుజాలు వంగాయి, చేతిలో ఖర్జూరం డబ్బా ఉంది. నేను లోపలికి రమ్మనలేదు. మన ఈడువాళ్ళు ఇది చదివి, గడప దాకా వచ్చినవాణ్ణి, అందులోనూ సొంత మేనమామ కొడుకుని ఎండలో నిలబెడతావా అని నన్ను తిట్టుకోవచ్చు. తిట్టుకోండి, కానీ అంతా చదివాక తిట్టుకోండి.

బావ నాకంటే కొన్నేళ్ళు పెద్ద. అతని తల్లి పోయాక మా మేనమామ మారుమనువు చేసుకుంటే, ఆ ఇంట్లో పిల్లవాడు చిక్కి సగమవుతున్నాడని మా అమ్మ వెళ్ళి, అన్నతో పోట్లాడి, చంకనేసుకుని తెచ్చేసిందట. అప్పటినుంచి మా ఇంట్లో అక్క, నేను, బావ ముగ్గురం పిల్లలం. నాన్న లేని ఇల్లు. అమ్మ పొద్దంతా బీడీలు చుట్టి మమ్మల్ని సాకింది. పొయ్యి మీదినుంచి దిగిన మొదటి జొన్నరొట్టె మాత్రం ఎప్పుడూ బావకే వేసేది. అదేమిటమ్మా అని నేను అలిగితే, నువ్వయితే అడుగుతావు, వాడికి అడగడం రాదు అనేది. ఇన్నేళ్ళ తరువాత ఆ మాట తలచుకుంటే నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

సౌదీకి ముందు వచ్చింది బావే. తాను పనిచేసే పాల ఫారానికే తరువాత నన్నూ రప్పించాడు. ఇద్దరికీ ఒకే గది, ఒకే వంట. నాకు వచ్చిన అరబ్బీ అంతా ఆవుల చుట్టూ తిరిగేది, పాలకూ నీళ్ళకూ దాణాకూ పేర్లు తెలుసుకుంటే పని గడిచిపోయేది. అంతకు మించి ఏం మాట్లాడాలన్నా బావే నా నోరు. మా ముదీర్, అంటే మా మీది అధికారి, ఒక సూడాన్ పెద్దాయన. మనిషి మంచివాడే గానీ అరబ్బీ తప్ప మరో భాష రాదు. ఎండాకాలం వస్తే ఆవులు వేడికి కూలిపోకుండా షెడ్లలో నీటి తుంపర చల్లే ఫ్యాన్లు ఆగకుండా తిరగాలి. ఆ రోజుల్లో సెలవు దొరకడమే గగనం, దొరికినా మా గుంపులో ఒక్కరికే.

అటువంటి ఒక ఎండాకాలంలోనే అక్క ఫోన్ చేసింది. అమ్మకు ఊపిరి ఆడడం లేదు, బీడీ దుమ్ము రొమ్ములో పేరుకుపోయిందట, మందులు పనిచేయడం లేదు, వెంటనే రమ్మంది. బావకు అప్పటికే పెళ్ళి కుదిరి ఉంది, అతనూ సెలవుకు అర్జీ పెట్టుకున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అమ్మ మాట వినగానే అతనే నా భుజం మీద చెయ్యి వేసి ముదీర్ దగ్గరికి తీసుకువెళ్ళాడు. నా పెళ్ళి ఎటుపోతుందిలే అన్నాడు కూడా.

నేను చేతులు జోడించి తెలుగులో చెప్పాను. బావ అరబ్బీలో చెప్పాడు. ముదీర్ విని, నా వైపు తిరిగి, తమామ్ అని అడిగాడు. ఆ ముక్కకు 'అంతా బాగేనా' అని అర్థమని నాకు తెలుసు. పోయి మళ్ళీ వస్తావా, ఆ ఒప్పందం నీకు బాగేనా అని అడుగుతున్నాడనుకుని, తమామ్, తమామ్ అంటూ గంగిరెద్దులా తల ఊపాను. బయటికి వచ్చాక బావ నేల చూపులు చూస్తూ, "ఒప్పుకుంటలేడు బామ్మర్ది. నా అర్జీ ముందుగాల ఉన్నదట. నేను పోయి అత్తమ్మను చూస్త, నువ్వు రంది పడకు" అన్నాడు.

వెళ్ళాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఆ వారమే అమ్మ పోయింది. కన్నకొడుకు ఇక్కడ ఆవుల నడుమ నిలబడి ఏడుస్తుంటే, తలకొరివి బావ పెట్టాడు. కడుపున పుట్టినవాడు రాకపోయినా సాకినవాడు వచ్చిండని ఊరు ఊరంతా అతన్ని మెచ్చుకుందని అక్క చెప్పింది. కంపెనీ నన్ను పంపలేదని బావ అందరికీ చెప్పాడట, అది నిజమే కూడా. తిరిగి వచ్చిన రోజు నేను అతని కాళ్ళు మొక్కాను. అమ్మకు నువ్వన్నా దక్కావు అని, ఆ భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చాను. అతను నా తల నిమిరాడు.

తరువాత్తరువాత నాకు అరబ్బీ పట్టుబడింది. ఒకనాడు ఈనడానికి కష్టపడుతున్న ఆవు దగ్గర ముదీర్, నేను కూర్చుని ఉండగా, మనసులో ఉన్నది ఆపుకోలేక, ఆ రోజు మీరు నన్ను పంపి ఉంటే మా అమ్మను చూసుకునేవాణ్ణి కదా అన్నాను. పెద్దాయన నన్ను తేరిపార చూశాడు. "నువ్వే కదా తమామ్ అన్నావు? మీ అమ్మకు నయమైంది, నేను పోయి వచ్చాక ఇతను పోతాడని నీ బావ చెప్పాడు. నిజమేనా అని నిన్నే అడిగాను. వల్లాహి, అల్లా మీద ఒట్టు, ఆమె పోయేలా ఉందని తెలిస్తే విమానం దాకా నేనే దింపి వచ్చేవాణ్ణి" అన్నాడు.

చేతులు కూడా కడుక్కోకుండా గదికి వెళ్ళాను. బావ రొట్టెల పిండి కలుపుతున్నాడు.

"గా రోజు ముదీర్‌తోని ఏం జెప్పినవ్?"

అతనికి వెంటనే అర్థమైంది. పిండిలోంచి చెయ్యి తీయలేదు. "రెండుసార్లు ఆగిన పెండ్లి. ఈసారి ఆగితే పిల్లను వేరేటోళ్ళకు ఇస్తమన్నరు. అత్తమ్మ అంత జల్ది పోతదని నాకేం ఎర్క?"

"అడిగితే నేనే ఆగుదును గదరా!"

"ఆగవు. నీ తల్లి నీకు ముందు. అందుకే అడగలే."

పిండి పళ్ళెం ఎత్తి అతని మొహాన కొట్టాను. పక్క గదుల పాకిస్తానీలు వచ్చి విడదీయకపోతే ఇంకా ఏం చేసేవాణ్ణో తెలియదు. ఆ సాయంత్రమే గది మారాను. కొన్నాళ్ళకు అతను ఎక్కడో దూరాన నజ్రాన్‌లో పని వెతుక్కుని వెళ్ళిపోయాడు. మా అక్క ఇద్దరినీ కలపాలని ఎన్నోసార్లు చూసింది. అతని పేరెత్తితే ఫోన్ పెట్టేస్తానన్నాను, రెండుసార్లు పెట్టేశాను కూడా.

మొన్న గుమ్మంలో నిలబడి అతను, "నౌకరి ఇడిచి ఎగ్జిట్ల పోతున్న బామ్మర్ది, ఇగ సౌదీకి రాను. ఏటేటా అత్తమ్మకు బియ్యం ఇప్పిస్తున్న" అన్నాడు. తలకొరివి పెట్టినవాడు కదా, అమ్మ పేరిట అయ్యవారికి బియ్యం ఇస్తూనే ఉన్నాడన్నమాట. "ఇగ ఇయ్యకు. అది నా పని" అన్నాను. తల ఊపాడు. "ఆఖరి గడియల అత్తమ్మ కాడ నేనొక్కన్నే ఉన్న. నీకు జెప్పుమని ఒక మాట అన్నది. అది జెప్పిపోదామని వచ్చిన" అన్నాడు.

ఒక్క క్షణం ఆ మాట కోసం అతని కాళ్ళ మీద పడదామనిపించింది, అబద్ధమెందుకు. కానీ నా మాటను నా ఎదుటే మార్చినవాడు అమ్మ మాటను మార్చకుండా తెస్తాడని ఎలా నమ్మను? బావను క్షమించి దగ్గరికి తియ్యమన్నది అని అతను అంటే, అది అమ్మ మాటో అతని అవసరమో ఎవరిని అడిగి తెలుసుకోను? "వద్దు" అని తలుపు వేశాను. చాలాసేపు అవతల చెప్పుల చప్పుడు వినిపించలేదు. తరువాత వినిపించింది.

ఇప్పుడు మా క్యాంపులో రోజులు వేరు. సెలవు కావాలంటే ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అదే అరబ్బీలో పలుకుతుంది. ఆసుపత్రి మంచం మీద ఉన్న తల్లి మొహాన్ని కొడుకులు వీడియోలో చూస్తూ, అన్నం తిన్నావా అని అడుగుతున్నారు. మన రోజుల్లో యజమానికీ మనకూ, తల్లికీ మనకూ నడుమ ఒక మనిషి నిలబడక తప్పేది కాదు, బయటివాణ్ణి నమ్మలేక సొంత రక్తాన్నే అక్కడ నిలబెట్టుకునేవాళ్ళం. ఇప్పుడా అవసరం తీరిపోయింది, మంచిదే. అమ్మ ఆఖరిసారి ఏమన్నదో తెలిసిన మనిషి మాత్రం లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఈపాటికి ఊరు చేరి ఉంటాడు. నేను అడగను.