మీసం జిగురు

అప్ప పోయిందన్న కబురు నాకు అప్ప గొంతులోనే వచ్చింది. పొద్దున్నే కాఫీ కాచుకుంటుంటే ఎదురింటి మీంచి లౌడుస్పీకరులో ఆమె పద్యం ఎత్తుకుంది. ఆ రోజు పండుగ కాదు, వీధిలో పెళ్లీ లేదు. కిటికీ తీశాను. మైకుసెట్టువాడు పెంకుల మీదికెక్కి బూరాను తాడుతో బిగిస్తున్నాడు. కింద అరుగు మీద ఆమెను పడుకోబెట్టారు. పాడె కట్టడానికి వెదుళ్లు ఇంకా రాలేదు. మైకుసెట్టు వచ్చేసింది.

విజయనగరంలో మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అప్పే. అక్కను ఇక్కడ అలాగే పిలుస్తారు. పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేది. ఆడమనిషి మీసం పెట్టుకుని, కిరీటం పెట్టుకుని, మగవాళ్ల శృతిలో పద్యం అందుకుంటే చూడడానికి ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వచ్చేవి. ఆమె పోయిన మర్నాడు పత్రికలు ఆమెను గానకోకిల అన్నాయి, కళామతల్లి ముద్దుబిడ్డ అన్నాయి. మా పత్రిక కూడా అంది. నేను పంపిన వార్తలో ఆ మాటలు లేవు.

ఆ మాటలు రాయకూడదని నాకు చెప్పింది అప్పే. నేను ఈ ఊరికి విలేఖరిగా వచ్చిన కొత్తలో ఆమె నాటకం గురించి రాశాను. అది అచ్చయిన రోజు అరుగు మీంచి కేకేసింది.

"ఇదుగో బావూ, పేపర్లో రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"కోయిలని రాసినావు. కోయిలకి దగ్గొస్తాదేటి? నాకొస్తాది. ఈపాలి అది రాయి."

నాటకం ఆడిన మర్నాడు ఆమె మాట్లాడేది కాదు. అరుగు మీద కూర్చుని పై పెదవికి కొబ్బరినూనె రాసుకునేది. మీసం పీకినప్పుడల్లా, దాన్ని అతికించిన జిగురు చర్మాన్ని పట్టుకుని వచ్చేది. ఏళ్ల తరబడి అలా పీకి పీకి ముక్కు కింద తెల్లటి మచ్చ పడింది. కూరలమ్మే మనిషి అది బొల్లి అనుకుని బేరం ఆడకుండానే వంకాయలు పోసి దూరంగా జరిగేది. అప్ప నవ్వేది. ఏదైనా కావలసి వస్తే చప్పట్లు కొట్టేది. లోపలినుంచి కూతురు వచ్చి తల్లి ముఖం చూసేది. వేణ్ణీళ్లా, మిరియాల కషాయమా అన్నది అడగకుండానే తెచ్చేది.

నాటక సమాజం ఆమె అన్నగారిది. ఆటలు ఒప్పుకునేది, ఒప్పందాలు రాసుకునేది అతనే. హార్మోనియం ఆమె భర్తది. అన్నే మద్రాసు తీసుకెళ్లి ఆమె చేత గ్రామఫోను రికార్డు ఇప్పించాడు. రికార్డు మీద పేరు అప్పది, కాగితం మీద సంతకం అన్నగారిది. ఆ రికార్డు పెళ్లి పందిళ్లలో మోగడం మొదలయ్యే దాకా భర్త ఈ ఊళ్లో లేడు. కొత్తవలసలో ఇంకో కాపురం పెట్టి, ఖనిజం బళ్ల కోసం కొత్తగా వేసిన రైలుమార్గం పక్కన టీ హోటలు నడిపేవాడు. రికార్డు మోగాక హార్మోనియం పెట్టె రిక్షాలో వేసుకుని దిగాడు. వీధి వీధంతా చూస్తుండగా అప్ప గుమ్మంలోనే నిలబడి తన అన్నతో చెప్పింది.

"శృతికైతే ఉండనీ. ఇంటికొద్దు."

కూతురికి అప్పటికి పదిహేనో ఏడు. బాలికల హైస్కూల్లో చదివేది. ఆ పిల్ల పాడగా వీధిలో ఎవరూ వినలేదు. ఒకరోజు నూతి దగ్గర బట్టలు ఉతుక్కుంటూ చిన్నగా కూనిరాగం తీసింది. అది నాటకం మర్నాడు. మాట్లాడని అప్ప "నోరు ముయ్యే!" అని అరిచింది. అరిచాక చాలాసేపు దగ్గింది. సాయంత్రం నన్ను పిలిచి చెప్పింది.

"దాని గొంతు నాదే బావూ. మావోళ్లకి తెలిస్తే ఒగ్గరు. నా మూతి సూడు. దాని మూతికి మట్టుకు ఈ జిగురు అంటకూడదు. అది పంతులమ్మవ్వాల."

అంతకు మించి ఆమె ఏదీ కోరగా నేను వినలేదు.

ఈ నాటకాల్లో వన్స్ మోర్ అని ఒకటుంది. పద్యం బాగుంటే జనం అరుస్తారు, నటుడు మళ్లీ పాడాలి. చనిపోయే ఘట్టంలో కూడా అంతే. పద్యం పాడి, ప్రాణం విడిచి, నేలమీద పడిపోయిన రాజు జనం అరవగానే లేచి, పంచె దులుపుకుని, అదే పద్యం మళ్లీ పాడి, మళ్లీ చస్తాడు. ఎవరికీ అది వింతగా తోచదు.

రాజాంలో వడ్ల వర్తకులు ఆడించిన నాటకానికి నేను వెళ్లాను. రాజు చనిపోయేసరికి తూర్పున వెలుగు వస్తోంది. అప్పటికే వైద్యుడు ఆమెను గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నాడు. ఆ సంగతి అన్నకు తెలుసు, భర్తకు తెలుసు. నేను వేదిక పక్కనే, హార్మోనియానికి దగ్గరగా కూర్చున్నాను. అప్ప పద్యం పూర్తిచేసి పడిపోయింది. వన్స్ మోర్ అన్నారు. ఆమె లేవలేదు. రెండోసారి లేపి పాడించాలని హార్మోనియం శృతి పట్టుకునే ఉంది. తెర పక్కనుంచి అన్న పళ్లు బిగపట్టి అన్నాడు.

"లెగవే తల్లీ! కుర్సీలిరగ్గొట్టేస్తారే! లెగు!"

నేలమీది రాజు కళ్లు తెరవకుండా జవాబిచ్చాడు.

"సచ్చిపోనాను కదన్నా. లెగనేను."

కుర్చీలు విరిగాయి. తెర దించారు. అప్పకు పొగరెక్కిందని ఆమె అన్నే ఊరంతా చెప్పాడు. తరవాత నరసన్నపేటలో ఆట ఒప్పుకున్నాడు. అక్కడ ఆమె మూడుసార్లు చావాల్సివచ్చింది. తిరుగు బస్సులో ఆమె చేతిరుమాలుకు నెత్తురు అంటింది. మళ్లీ నాటకం ఆడలేదు. ఆ నెల తిరగకుండానే ఈ లౌడుస్పీకరు.

ఆ ఉదయం నేను వెళ్లేసరికి భర్త ఒక మూలన బీడీ కాలుస్తున్నాడు. ఫొటోగ్రాఫరు రాగానే బీడీ నలిపేసి, వచ్చి ఆమె తల దగ్గర కూర్చున్నాడు. ఫొటో అయింది. మళ్లీ మూలకు వెళ్లాడు. అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"ఇదుగో బావూ, పేపర్లో మీసంతో ఉన్న ఫొటోనే ఎయ్యండి. ఉట్టి మొకమైతే జనం గురుతు పట్టనేరు."

"ఆ అమ్మాయి సంగతేంటి?" అన్నాను.

"దానికేటి? మేనమామని నానున్నాను కదా. సంతాపసభ పెడతన్నాం. మీరు ముందు వరసలో కూకోవాల."

టౌనుహాల్లో జరిగిన ఆ సంతాపసభకు వెళ్లాను. వేదిక మీద దండ వేసిన పటం, పటం ముందు బల్ల. బల్ల మీద అప్ప కిరీటం, పళ్లెంలో మీసం, పక్కన జిగురు సీసా. ఒక పక్క హార్మోనియంతో భర్త. ఇంకో పక్క రికార్డు తిప్పే యంత్రంతో మైకుసెట్టువాడు. మాట్లాడినవాళ్లలో ముగ్గురు ఆమె లేని లోటు తీరనిదన్నారు. ఆ లోటు ఇప్పుడే తీరుస్తానని అన్న లేచాడు. కూతుర్ని చెయ్యిపట్టి వేదిక మీదికి తెచ్చాడు. వచ్చే నెల రాజాంలో రాజు వేషం ఈ పిల్లదేనన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అతను సీసా మూత తీసి, వేలితో జిగురు తీసి, ఆ పిల్ల పై పెదవికి పూశాడు.

పిల్ల తల తిప్పేసింది. వోణీ చెంగుతో మూతి తుడుచుకుంది.

"సిగ్గుపడతన్నాది గుంట," అన్నాడు అన్న నవ్వుతూ. మైకుసెట్టువాడికి సైగ చేశాడు.

రికార్డు మోగింది. రాజు చనిపోయే పద్యం. పద్యం ముగిసింది. వెనకనుంచి ఎవరో అలవాటుగా అరిచారు, వన్స్ మోర్ అని. ఇంకొందరు అందుకున్నారు. అది సంతాపసభ అని నా పక్కన కూర్చున్న పెద్దమనిషికి గుర్తున్నట్టు లేదు. ఆయనా అరిచాడు. మైకుసెట్టువాడు ముల్లు వెనక్కి పెట్టాడు. అప్ప మళ్లీ పాడింది, మళ్లీ చనిపోయింది. మళ్లీ వన్స్ మోర్. అతను మళ్లీ ముల్లు మీద చెయ్యి వేశాడు.

ఈసారి పిల్ల నడిచి వెళ్లి అతని చెయ్యి తీసేసింది. తిరుగుతున్న రికార్డును రెండు చేతులా ఎత్తింది. మైకు ఆమె దగ్గరలోనే ఉంది.

"మాయమ్మ సచ్చిపోయింది. లెగదు."

గొంతు అచ్చంగా అప్పదే. హాలంతా వింది. ఆమె రికార్డును గుండెకు అదుముకుని మెట్లు దిగింది. "ఒలే, ఆగే! ఎక్కడికే?" అని మేనమామ అరుస్తూనే ఉన్నాడు. జనం మాత్రం దారి ఇచ్చారు. వేదిక మీద యంత్రం రికార్డు లేకుండానే తిరుగుతోంది. భర్త హార్మోనియం మీద శృతి పట్టుకునే ఉన్నాడు, ఎవరూ పాడకపోయినా.

మర్నాడు పొద్దున్న కిటికీ తీశాను. పెంకుల మీద బూరా లేదు. అరుగు మీద తల్లి కూర్చునే చోట ఆ పిల్ల కూర్చుని ఉంది. ఒళ్లో బడి పుస్తకాలున్నాయి. పక్కన అప్ప నూనెగిన్నె. ఎర్రగా కందిన పై పెదవికి కొబ్బరినూనె పట్టించి, వదలని జిగురును గోటితో కొంచెం కొంచెంగా తీసుకుంటోంది.