మాసిన పేజీల లెక్క

ఆఫీసులో ఆమెను అందరూ 'ఆపని అక్క' అనేవారు. నడుస్తున్న వర్చువల్ మిషన్‌ను, అంటే సర్వర్ లోపల ప్రోగ్రాముగా నడిచే కంప్యూటర్‌ను, ఆపకుండా పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. మిషన్ మెమరీనంతా పేజీలు పేజీలుగా కాపీ చేస్తుండగానే, అది కొన్నింటిని మార్చేస్తూ ఉంటుంది. మారినవాటిని ఆమె 'మాసిన పేజీలు' అనేది. వాటిని గుర్తుపెట్టి మళ్లీ కాపీ చేయాలి, ఈలోగా ఇంకొన్ని మాస్తాయి. "పిల్లలున్న ఇంట్లో బట్టలే అనుకో!" అని నవ్వేది. మాసినవి గుప్పెడే మిగిలినప్పుడు, మిషన్‌ను రెప్పపాటు ఆపి కొత్తచోట లేపాలి.

ఆ మధ్యాహ్నం ఫ్యాన్ల హోరులో, అద్దాల్లోంచి పడే ఎండలో, ఆమెకు తాను నీళ్ల అడుగున కూర్చున్నట్టుంది. అంబులెన్స్ కాల్స్ మిషన్ ఉన్న పాత సర్వర్ సలసలా కాగుతోంది, ఏ క్షణమైనా ఆగిపోవచ్చు. కొత్త కాల్స్‌ను వేరే దారికి మళ్లించింది. నడుస్తున్న కాల్ ఒక్కటే మిగిలింది. పక్క గదిలో కాల్స్ అందుకునే ఆమె చెల్లెలు ఎవరో ముసలాయనతో స్పీకర్లో మాట్లాడుతోంది. ఆయన భార్య పడిపోయింది. కంగారులో ఇల్లెక్కడో సరిగా చెప్పలేకపోతున్నాడు. లైను తెగితే మళ్లీ దొరకడు.

"అక్కా, నీకు దండం పెడతా, తెంపకు!"

"ముందు ఆయన్ని మాట్లాడించవే. నా తంటాలు నేను పడతా" అని కసిరి, తెర మీద మాసిన పేజీల అంకె వైపు తిరిగింది.

నీలం గేటు అంటాడాయన. పక్కన బడి అంటాడు. అంతలో పెళ్లినాటి ఊసెత్తుతాడు. చెల్లెలు పనికొచ్చే ముక్కలు ఏరి డ్రైవరుకు అందిస్తోంది. ప్రతి మాటకీ పేజీలు మాసిపోతున్నాయి. నలభై వేలు కాపీ చేస్తే మళ్లీ నలభై ఒక్క వేలు! ఆమె కళ్లముందు తెల్లని కాగితాలు మెల్లగా తేలిపోతున్నాయి, ఒక్కోదాని మీద ఆ ముసలాయన మాట ఒకటి.

ఉన్నట్టుండి అంకె పడిపోసాగింది. పది వేలు. వెయ్యి. నలభై. "హమ్మయ్య" అనబోయి ఆగిపోయింది. లెక్క తగ్గిందంటే ఆయన మాట్లాడటం లేదన్నమాట.

"తాతగారూ! తాతగారూ!" చెల్లెలు అరుస్తోంది.

మార్చాలంటే ఇదే అదను. దేవుడా అనుకుని మీట నొక్కింది.

అర సెకను గడిచింది. కొత్త సర్వర్ మీద దీపం వెలిగింది. మాసిన పేజీలు సున్నా. జీవితంలో మొదటిసారి ఆ సున్నాను చూసి ఆమెకు ఏడుపొచ్చింది. "మాట్లాడవయ్యా బాబూ! మొత్తం మాపెయ్యి, నేనేమీ అనను!"

ఒకటి. ఆరు. మూడు వందలు.

ముసలాయన గొంతు రొప్పుతూ వినిపించింది. "తలుపు తియ్యడానికెళ్లానమ్మాయ్. మీవాళ్లొచ్చారు. ఆవిడ కళ్లు తెరిచింది. ఇంతసేపు ఫోన్లో ఎవరితో కబుర్లని నన్ను తిడుతోంది!"