ముఐథర్ సందులో అన్న తిన్న బలాలీత్

అన్న అంత్యక్రియలైన మూడో రోజు పిట్టకు పెట్టాం. యాట కూర, గారెలు, కల్లు, ఆయనకు ఇష్టమని మేమనుకున్నవన్నీ విస్తట్లో ఉన్నాయి. మధ్యాహ్నం దాకా ఒక్క కాకి వాలలేదు. మొగుడికి ఏం ఇష్టమో పెళ్ళానికి తెలియలేదని చుట్టాలు అన్నారు. వదిన ఏడాదంతా ఆ మాట మోసింది. అన్న ఖతార్‌లో పదకొండేళ్ళు హౌస్ డ్రైవర్‌గా పనిచేసి, అక్కడే పోయాడు. సంవత్సరీకం నెల ఉందనగా వదిన నన్ను పిలిచి, "దుబాయ్‌ల ఆయన ఏం తిని బతికిండో కనుక్కోని రా లతా. ఈసారన్న అదే పెడత" అన్నది. మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. జగిత్యాలలో పంతులమ్మను, అప్పటిదాకా విమానం ఎక్కినదాన్ని కాదు. అయినా కాదనలేకపోయాను.

ఖతార్‌లో దిగిన మొదటి రోజే నా తెలివి తెల్లారింది. మా జిల్లావాళ్ళు ఎక్కడుంటే అన్న అక్కడే తిని ఉంటాడనుకుని, టాక్సీకి నలభై రియాళ్ళు పెట్టి ఇండస్ట్రియల్ ఏరియాలోని తెలుగు మెస్‌లన్నీ తిరిగాను. పచ్చిపులుసు, సర్వపిండి కూడా దొరికాయి. ఫోటో చూసిన ఒక మెస్ యజమాని తల అడ్డంగా ఊపాడు. "ఈ అన్న ఇటు రాలేదక్కా. హౌస్ డ్రైవర్లకు ఇంత దూరం వచ్చే టైం ఏడుంటది?"

అన్న సామానుతో పాటు ఇంటికి వచ్చిన ఫోన్ నా దగ్గరే ఉంది. అందులో 'కోనసీమక్క' అని ఒక నంబర్ కనిపించింది. ఆయన పనిచేసిన ఇంట్లోనే వంట చేసే సత్యవతి గారిది. ఫోన్ చేస్తే, "రేపు పొద్దున ఏడింటికి మా ముఐథర్‌లో రొట్టెల కొట్టుకొస్తానండి, అక్కడే కలుద్దాం" అన్నారు.

శనివారం ఆరింటికి సూక్ వాకిఫ్ స్టేషన్‌లో మెట్రో గోల్డ్ లైన్ ఎక్కాను, రెండు రియాళ్ళు. చివరి స్టేషన్ అల్ అజీజియాలో దిగి, పదిహేను రియాళ్ళ టాక్సీలో ముఐథర్ చేరాను. ఎత్తయిన ప్రహరీల మధ్య సందులు, గోడల మీద ఏసీ నీళ్ళ మరకలు, అప్పుడే కడిగిన కార్లు. రొట్టెల కొట్టు పక్కనే నాలుగు బల్లల హోటల్, నడిపేది ఒక మలయాళీ పెద్దాయన.

సత్యవతి గారు నా ముందు పళ్ళెం పెట్టించారు. యాలకుల వాసన వేసే తీపి సేమ్యా, పైన పలచటి ఆమ్లెట్. బలాలీత్ అంటారట, ఖతార్ వాళ్ళ పొద్దుటి తిండి. చాయ్‌తో కలిపి పది రియాళ్ళు. అన్న ఇంట్లో తీపి ముట్టేవాడు కాదు. నేను ముఖం చిట్లించాను.

"మొదట్లో అన్నయ్యగారూ అలాగే మొహం పెట్టారండి. తర్వాత రోజూ పిల్లల్ని స్కూల్లో దింపొచ్చి, ఈ కుర్చీలోనే కూర్చుని తినేవారు. మీ ఆవిడకి చెప్పారా అంటే, 'చెప్తే నవ్వుతది, ఈసారి సెలవుకు పోయినప్పుడు నేనే చేసి పెడత' అనేవారండి. నా దగ్గర వండటం నేర్చుకున్నారు కూడాను."

ఆ సెలవు రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు, పళ్ళెం మాత్రం ఖాళీ చేశాను. ఎలా వండాలో సత్యవతి గారు చెబుతుంటే మెట్రో కాగితపు టికెట్ వెనక రాసుకున్నాను.

సంవత్సరీకం నాడు వదినే వండింది. ఆమ్లెట్ కాస్త మాడింది. "తిన్నవా" అని అన్నను రోజూ ఫోన్‌లో అడిగేవాళ్ళం, ఏం తిన్నవని ఎవరం అడగలేదు. విస్తరి గోడ మీద పెట్టబోతూ వదిన ఆగి, ఒక ముద్ద తన నోట్లో పెట్టుకుంది. ఎంగిలి చేయొద్దని చుట్టాలు గొణిగారు. "మంచిగనే ఉన్నది" అన్నది వదిన, వాళ్ళతో కాదు. కాకి వచ్చిందా అని అందరూ నన్ను అడుగుతున్నారు. వచ్చింది. వదిన తిన్నాకే వచ్చింది.

ముఐథర్ వెళ్ళేవాళ్ళు ఎనిమిది లోపే చేరండి, తొమ్మిది దాటితే బలాలీత్ అయిపోతుంది. మీవాళ్ళెవరైనా అక్కడ పనిచేస్తుంటే, ఏ హోటల్లో తింటారో అడిగి, వాళ్ళు ఉండగానే వెళ్ళి ఎదురుగా కూర్చుని తినండి.