అచ్చాయమ్మ అడిగిన భోజనం

మా మేనత్త అచ్చాయమ్మకి ఎంగిలి పట్టింపు మహా ఎక్కువ. కన్నకొడుకు కొరికిన జామకాయైనా ముట్టేది కాదు. ఇక తురకల సంగతి చెప్పక్కర్లేదు. మండపేట పక్కన మా ఊళ్లో పరుపులు కుట్టే ఖాశింబీ, ఏటా రెండు మూడు రోజులు అత్త ఇంట్లోనే పని చేసేది. భోజనం మాత్రం అరుగు మీద, ఒక్కతే. నాకు చిన్నప్పుడే ఒళ్లు మండేది. కానీ అత్త నోటికి జడిసి ఊరుకునేదాన్ని.

తొంభై ఆరు తుపానుకి కౌలు చేలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మామయ్య మంచం పట్టాడు. అత్త వంటపనికి కువైట్ వెళ్లింది. తురకల ఇంట్లో వంట! ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అక్కడి యజమానురాలు నూరియా పెద్దావిడ. రంజాన్ మొదటి సాయంత్రం ఒకే పెద్ద పళ్లెం చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని, అత్తనీ కూర్చోబెట్టారు. నూరియా తన చేత్తో మంచి మాంసం ముక్క తుంచి అత్త ముందు పెట్టింది. వాళ్లలో అది మర్యాద. అత్తకి మాత్రం తినగా మిగిలింది విదిల్చినట్టు తోచింది. పనిమనిషినైతే మాత్రం ఇంత చులకనా అనుకుని, చటుక్కున లేచి వంటింట్లోకి పోయింది.

మర్నాడు నూరియా కడప నుంచి వచ్చిన డ్రైవర్ చేత కారణం అడిగించింది. ఒకరి ఎంగిలి తిననని అత్త ఉన్నమాట చెప్పేసింది. ఆ సాయంత్రం నుంచి అత్తకి వేరే పళ్లెం, కాస్త ఎడంగా, అందరికంటే ముందే వడ్డన.

కోరుకున్నదే కదా, సంతోషించాలి. నాలుగో రోజుకి ముద్ద దిగలేదట. అందరూ కబుర్లాడుకుంటూ తింటుంటే తనొక్కతే గోడవారన. "ఖాశింబీ మనింట్లో ఇలాగే కూర్చునేదే! అన్నేళ్లు ఎలా తిందే ఆ మనిషి?" అని తర్వాత నాతో అంది. ఆ సాయంత్రమే అత్త పళ్లెం అక్కడే వదిలేసి, లేచి వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. నూరియా నవ్వి చోటిచ్చింది.

నాలుగేళ్లకి తిరిగొచ్చిన అత్త, భోజనానికి వస్తున్నానని ఖాశింబీకి కబురు పెట్టి, నన్ను వెంటేసుకుని బయల్దేరింది. క్షమించమని అడగడం ఆవిడకి చేతకాదు, అందుకని అన్నం అడుగుతోంది. దారంతా "పెడుతుందంటావా?" అని ఒకటే గొణుగుడు.

ఖాశింబీ కొత్త చాప పరిచి, అరిటాకు వేసి, పొట్లాలు విప్పింది. పూరీ, కూర.

"సెంటర్లో హోటల్ నుంచి తెప్పించానండి. మా వంట మీరు తినరు కదండి," అంది తప్పు చేసినదానిలా.

అత్త మొహం మాడిపోయింది. ఊళ్లో ఎవరి ముందూ తగ్గని మనిషి, భోరుమని ఏడ్చేసింది. "నువ్వు వండింది పెట్టవే. నీ పొయ్యి మీద ఏదుంటే అదే పెట్టు."

"ఉత్త పప్పుచారేనండి," అంటూ ఖాశింబీ గిన్నె తెచ్చింది. అత్త మారు అడిగి మరీ తింది. అప్పటిగ్గాని ఖాశింబీకి నమ్మకం కుదరలేదు. మెల్లగా పక్కన కూర్చుంది.

"పాతికేళ్లు మీ పరుపులు కుట్టానండి," అంది. "మా ఇంట్లో వండింది పెట్టమని ఇవాళే అడిగారు."