మెట్ల కింది గదికి నేను చేసిన ఫోన్

చిక్కడపల్లిలో మా గల్లీ చివర మూడంతస్తుల ఇల్లొకటి ఉంది. దాని మెట్ల కింద, మామూలుగా అయితే చీపుర్లూ పాత సైకిలూ పెట్టుకునే చోటికి, ఒక షట్టర్ బిగించి కిరాయికిచ్చారు. అందులో ఒక అక్క డీటీపీ షాపు నడిపేది. నిటారుగా నిలబడటం గుమ్మం దగ్గర మాత్రమే కుదిరేది. కంప్యూటర్ దగ్గరికి పోయేకొద్దీ మెట్లు నెత్తిమీదికి దిగేవి. ఆమె దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో నా నుదుటి మీద ఎప్పుడూ ఒక బొప్పి ఉండేది. అక్కకు మాత్రం ఒక్కసారి కూడా తగల్లేదు.

అక్కది పాలమూరు వైపు. చిన్నతనంలో అమ్మానాన్నలు కట్టుబడి పనికి వస్తే వాళ్లతో పాటు ఈ ఊరొచ్చింది. పదో తరగతి తర్వాత నారాయణగూడలో ఒక ప్రెస్సులో ఊడ్చే పనికి చేరి, ఊడుస్తూ ఊడుస్తూ కంపోజింగ్ నేర్చుకుంది. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, కిరాయి అగ్రిమెంట్లు, అశోక్ నగర్ కోచింగ్ పిల్లల గైడ్లు, ఎవరూ వేయని కవిత్వం, అన్నీ ఆమె వేళ్ల మీదుగా పోయేవి. మా నాన్న పోయినప్పుడు కార్డు చేసింది కూడా ఆమే. నాన్న పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలో నన్నడగకుండా తానే పెట్టింది. సరిగ్గా అంతే ఉండాలనిపించింది నాకు.

అప్పుడు నేను గ్రూప్స్‌కి చదువుతున్నానని చెప్పుకునేవాణ్ణి. పొద్దున అశోక్ నగర్లో క్లాసు, మధ్యాహ్నం చాయ్ బండి దగ్గర ప్రపంచాన్ని సరిదిద్దడం, సాయంత్రం అక్క షాపు. చదువు వీటి మధ్యలో ఎక్కడో జరిగేది. కంప్యూటర్ పని నాకు తొందరగా పట్టుబడింది. అంతకంటే తొందరగా కంప్యూటర్ల గురించి ఉపన్యాసాలివ్వడం పట్టుబడింది. సాఫ్ట్‌వేర్ అంటే విద్య, విద్యకు కంచె వేయకూడదు, ఒకసారి రాసిన దాన్ని లక్షసార్లు అమ్ముకోవడం దోపిడీ, ఇలా నడిచేది. ఆ మాటలు తప్పని నేను ఇప్పటికీ అనుకోను. అన్నవాడి సంగతే వేరు.

అక్క దగ్గరికి గైడ్లు రాసే ఒక సార్ వచ్చేవారు. రిటైరైన లెక్చరర్. ఆయన గైడు మార్కెట్లోకి వచ్చిన వారానికే దాని జిరాక్స్ కాపీలు హాస్టళ్లలో తిరిగేవి. ఆయన ప్రూఫులు దిద్దుతూ తిట్టేవారు, తిడుతూ ప్రూఫులు దిద్దేవారు.

"ఆర్నెల్లు కూసొని రాసిన. గంటల కాపీ కొట్టి కుప్ప పోస్తున్నరు. దొంగలు!"

నేనూరుకుంటానా? "సార్, మరి మీ గైడు ఏ సాఫ్ట్‌వేర్ల తయారైతున్నదో ఎరికేనా? అది గుడ కాపీ కొట్టిందే."

"అది వేరే."

"ఎట్ల వేరే సార్?"

"గాళ్లది పెద్ద కంపెనీ. మన ఒక్క షాపుతోని వాళ్లకేం పోతది?"

"హాస్టల్ పోరలకు మీరే పెద్ద కంపెనీ సార్."

సార్ కళ్లజోడు తీసి నా వైపు చూసేవారు. అక్క కీబోర్డు మీద చేతులు ఆపకుండానే నవ్వేది. "మీరిద్దరు దొంగల గురించే మాట్లాడుతున్నరు గని, నా మిషిన్ల దొంగ సరుకు పెట్టింది ఎవలో మాత్రం ఒక్కరు చెప్తలేరు" అనేది. పెట్టింది నేనే. అది ముగ్గురికీ తెలుసు.

పెట్టడానికి ముందు అక్క దాన్ని నిజాయితీగా కొందామనే వెళ్లింది. కోఠి దాకా వెళ్లి ముఖం వేలాడేసుకుని వచ్చింది. "కొంటనంటే అమ్మరంట తమ్మీ. ఏడాదేడాదికి కిరాయికే ఇస్తరంట. ఇల్లు కిరాయే, షాపు కిరాయే, ఇగ అక్షరాలు గుడ కిరాయికి తెచ్చుకోవాల్నా?" అంది. నాకు రోషం పొడుచుకొచ్చింది. అప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పి ఉన్నాను. తప్పిన ప్రతిసారీ ఏమీ అడక్కుండా తన టిఫిన్ డబ్బాలోంచి సగం నా ముందుకు తోసిన మనిషి ఆమె. రెండు రోజులు తిరిగి, క్రాక్ చేసిన కాపీ సంపాదించి, నా చేతులతో ఎక్కించాను. మొదటిసారి తెరిచినప్పుడు అది రెండు గడులు నింపమంది. ఒకదాంట్లో షాపు పేరు కొట్టాను. రెండోది వాడేవాళ్ల పేరు.

"నీ పేరు ఏం పెట్టాలక్కా?"

"అందరు అక్క అనే గదా పిలుస్తరు. అదే పెట్టు."

అదే పెట్టాను. ఈ మిషిన్‌కి ఇంటర్నెట్ మాత్రం తగలనివ్వద్దని చెప్పాను. తగిలితే తన జాడ తానే కంపెనీకి చెప్పేసుకుంటుందని వివరించాను. రెండేళ్ల తర్వాత ప్రతి పరీక్షకూ దరఖాస్తు ఆన్‌లైన్ అయిపోయింది, పిల్లలు షాపుకొచ్చి నింపిపెట్టమని అడగసాగారు. పై అంతస్తు నుంచి వైరు దింపి ఆ మిషిన్‌కి నెట్ తగిలించినవాణ్ణి కూడా నేనే. నేను చెప్పిన జాగ్రత్త నాకే గుర్తులేదు.

నాలుగోసారి కూడా పరీక్ష తప్పాక బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. మా అమ్మ గల్లీ అంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని చెప్పింది. అక్క నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇగ సెటిలైనవు పో" అని మురిసిపోయింది. అక్కడ ఏం పనో ఇద్దరికీ చెప్పలేదు. లైసెన్స్ లేకుండా సాఫ్ట్‌వేర్ వాడే చిన్న షాపులకు, కంపెనీల తరఫున ఫోన్ చేసి హెచ్చరించడం మా పని. చదవడానికి ఒక కాగితం ఇచ్చారు. ఫోన్లో చెప్పుకోవడానికి ఒక మారుపేరు కూడా ఇచ్చారు. చాయ్ బండి దగ్గర నా ఉపన్యాసాలు విన్నవాళ్లు ఆ కాగితం చూసి ఉంటే పడీపడీ నవ్వేవాళ్లు.

ఒక సోమవారం పొద్దున వచ్చిన జాబితాలో మా గల్లీ కనపడింది. షాపు పేరు, చిక్కడపల్లి, ఆ పక్క గడిలో ఇంగ్లిష్ అక్షరాల్లో అక్క.

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పక్క సీటతనికి ఇచ్చేస్తే కరకుగా మాట్లాడతాడు, నేనైతే మెత్తగా చెబుతాను అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది అబద్ధం. జాబితాలో ఆ వరస వదిలేస్తే మా పై అధికారి ఎందుకని అడుగుతాడు, అడిగితే తవ్వుతాడు, తవ్వితే ఎక్కించినవాడిగా నా పేరు బయటికొస్తుంది. నా భయమంతా అదే. సాయంత్రం దాకా ఆగి, ఇంటికి పోతూ షాపులోకి తొంగి చూసి, "అక్కా, మావాళ్లు వస్తున్నారు" అని ఒక్క ముక్క చెప్పొచ్చు. మావాళ్లు ఎవరని అడుగుతుందని అది కూడా చేయలేదు. ఆఫీసు లైన్లోంచి ఫోన్ చేశాను.

"నమస్కారం మేడమ్. మీ సంస్థలో లైసెన్స్ లేని సాఫ్ట్‌వేర్ వినియోగిస్తున్నట్లు మాకు సమాచారం అందింది."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "ఎవరు సార్ మాట్లాడేది?" అంది అక్క.

మారుపేరు చెప్పాను. కాగితంలో ఉన్నదంతా పుస్తకాల భాషలో చదివాను. మా ప్రతినిధులు వస్తారని, సహకరించాలని, లేకపోతే చట్టపరమైన చర్యలుంటాయని చదివాను. ఆమె ఎక్కడా అడ్డు తగల్లేదు.

"సరే సార్" అంది చివరికి.

ఫోన్ మాత్రం పెట్టలేదు. షాపులో కిర్రుమనే ఫ్యాను వినిపిస్తోంది. ఎవరో మెట్లు దిగుతున్నారు. నేను రిసీవర్ చెవికి పెట్టుకుని కాగితం వైపు చూశాను. కస్టమర్ ఒప్పుకున్నాక ధన్యవాదాలు చెప్పి ముగించాలని ఉంది అందులో. ధన్యవాదాలు చెప్పి పెట్టేశాను.

రెండు రోజులకు ఇద్దరు మనుషులు కాగితాలతో షాపుకు వెళ్లారు. వాళ్లు పంపిన రిపోర్టు మా ఆఫీసుకే వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎవరు ఎక్కించారన్న ప్రశ్నకు, గుర్తులేదని యజమాని చెప్పినట్టు రాసి ఉంది. చదవగానే నా గుండెల మీది బరువు దిగింది. కిందికి పోయి హాయిగా చాయ్ తాగాను. ఆ చాయ్ రుచిగా అనిపించిందని చెప్పుకోవడానికి ఇవాళ సిగ్గేస్తోంది.

వారం తర్వాత ఏమీ తెలియనట్టు షాపుకు వెళ్లాను. అక్క మిషిన్లో పాతదంతా తుడిచేసి కొత్తది, కిరాయిది, ఎక్కించారు. దానికి అక్క పాత తెలుగు అక్షరాలు అర్థం కాలేదు. ఏ ఫైలు తెరిచినా ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. సార్ గైడ్లన్నీ అలాగే. మా నాన్న కార్డూ అలాగే.

"చూడు తమ్మీ, ఇన్నేండ్ల పని. ఒక్కటి గుడ చదువొస్తలేదు" అంది.

"ఎవరన్న కంప్లైంట్ ఇచ్చిన్రేమో అక్కా" అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. "ఇచ్చిన్రేమో" అని, తన కోసం తెప్పించుకున్న చాయ్ నా వైపు జరిపింది. తాగాను.

సార్ కొన్నాళ్లు ఓపిక పట్టారు. పరీక్షలు దగ్గర పడేసరికి గైడు వేరే షాపులో ఇచ్చుకున్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. పాతవన్నీ మళ్లీ మొదటినుంచి కొట్టడానికి అక్క ఒక్కతే ఎన్ని చేతులు పెడుతుంది? ఎండాకాలం పోయేలోగా షట్టర్ దిగింది. నేను ఇంటికి పోవడానికి నారాయణగూడ ఫ్లైఓవర్ మీదుగా చుట్టు తిరిగి, గల్లీలోకి అవతలి వైపు నుంచి రావడం అలవాటు చేసుకున్నాను. ట్రాఫిక్ తక్కువని అమ్మకు చెప్పాను. నారాయణగూడలో ట్రాఫిక్ తక్కువంటే నమ్మిన మనిషి మా అమ్మ ఒక్కతే.

ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లకు శిక్షణ ఇచ్చేవారు. ఒక రోజు నన్ను కూడా కూర్చోమన్నారు. మంచి కాల్ అంటే ఎలా ఉండాలో వినిపిస్తామని స్పీకర్ పెట్టారు. నమస్కారం మేడమ్ అని నా గొంతే వచ్చింది. తర్వాత అక్క. తెర మీద గొంతుల గీతలు కదులుతున్నాయి. సరే సార్ తర్వాత గీత చదునుగా పోయింది.

"ఇక్కడ చూడండి" అన్నాడు శిక్షణ ఇచ్చే అతను. "కస్టమర్ పదకొండు సెకన్లు సైలెంట్‌గా ఉంది. కొత్తవాళ్లయితే కంగారుపడి ఏదో ఒకటి మాట్లాడేస్తారు. ఈయన కాగితంలో లేని మాట ఒక్కటి కూడా అనలేదు."

అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. స్పీకర్లో కిర్రుమంటున్న ఫ్యాను ఎక్కడిదో ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. సాయంత్రం పై ఆయన దగ్గరికి పోయి, ఆ రికార్డింగ్ తీసేయమని బతిమాలాను. ఆయన నేను చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితం తీసి చూపించాడు. గొంతు నీదే కావచ్చు, రికార్డింగ్ కంపెనీదన్నాడు. అక్క గొంతు ఎవరిదని అడగాలనిపించింది, అడగలేదు. ఆ వారంలోనే ఉద్యోగం మానేశాను.

అక్కను వెతకడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అంటే ధైర్యం రావడానికి పట్టింది. ఆమె ఎంతో దూరం పోలేదు. అశోక్ నగర్‌లో ఒక హాస్టల్ కింద, వేరేవాళ్ల జిరాక్స్ షాపు ముందర బల్ల వేసుకుని, వాళ్ల కంప్యూటర్ మీద పరీక్షల దరఖాస్తులు నింపుతోంది. తెలుగు కొట్టే పని లేదక్కడ. పేరు, కులం, మార్కులు, అన్నీ ఇంగ్లిష్‌లో. వరస తగ్గేదాకా పక్కన నిలబడ్డాను. నన్ను చూసి జరిగి స్టూలు చూపించింది.

"అక్కా, ఆ రోజు ఫోన్..."

"ఎరికే" అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"ఎప్పటినుంచి?"

"నమస్కారం మేడమ్ అన్నప్పటి సంది. ఐదేండ్లు నా చెవు పక్కన కూసొని వాగినవు. గొంతు గుర్తుపట్టనా?"

"మరి వాళ్లడిగితే నా పేరెందుకు చెప్పలే?"

"చెప్తే నీ నౌకరి గుడ పోతుండె. ఇద్దరం రోడ్డు మీద పడి ఏం చేసేది?"

ఏడుపు ఆపుకోలేకపోయాను. వరసలో ఉన్న పిల్లలు మర్యాదగా వేరే వైపు చూశారు. అక్క మౌస్ వదిలేసి నా వైపు తిరిగింది.

"షాపు పోయినందుకు గాదు తమ్మీ నా బాధ. సరే సార్ అని ఫోన్ పట్టుకునే ఉన్న. ఇప్పుడన్న అక్కా అని పిలుస్తవేమో అని జర సేపు చూసిన."

ఎవరో పిల్ల ఫోటో సైజు తగ్గించాలని ఫోన్ చాపింది. అక్క అందుకుని పనిలో పడింది. నేను ఇంకాసేపు ఆ స్టూలు మీదే కూర్చుని లేచి వచ్చేశాను.

ఆ రికార్డింగ్ ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ వినిపిస్తూనే ఉన్నారని అక్కడ పనిచేసే ఒకతను చెప్పాడు. పదకొండు సెకన్ల దగ్గర ఆపి, వేలు పెట్టి చూపిస్తారట. అక్కడ అక్క నా కోసం చూస్తోందని ఆ గదిలో ఎవరికీ తెలియదు.